పుట్టింట్లోనే ‘నో ఎంట్రీ’!

కొండ దారుల్లో సైకిల్ తొక్కే సరదాని ప్రపంచానికి పరిచయం చేసింది కాలిఫోర్నియాలోని ఒక కొండ. అది జరిగి యాభై ఏళ్లవుతోంది. ఆ సరదా ఒలింపిక్స్ దాకా వెళ్లింది గానీ, పుట్టిన కొండ మీది సన్నబాటల్లోకి మాత్రం సైకిల్‌ని ఇంకా పూర్తిగా రానివ్వలేదు. ఎందుకని?

టైరు కింద మట్టి, రెండు పక్కలా చెట్లు, ముందేముందో కనిపించని మలుపు. మౌంటెయిన్ బైకింగ్ రీల్స్ చూసేవాళ్లకి ఈ సీన్ బాగా తెలుసు. హెల్మెట్‌కి కెమెరా తగిలించుకున్న కుర్రాడు రాళ్ల మీద నుంచి ఎగిరి దూకుతుంటే, ఇక్కడ ఫోన్ పట్టుకున్న మనకే ఒళ్లు గగుర్పొడుస్తుంది. లైక్ కొట్టి పైకి జరిపేస్తాం.

ఆ వీడియోలో కనిపించనిది ఒకటుంది. మలుపు అవతల మనవరాలి చెయ్యి పట్టుకుని తాపీగా నడిచొస్తున్న తాతగారు. ఆ బాట ఆయనదీ, కుర్రాడిదీ కూడా. ఎందుకంటే అది పబ్లిక్ స్థలం. మరి ఇద్దరికీ సరిపోయేలా దాన్ని ఎవరు చూసుకోవాలి? ఎలా చూసుకోవాలి? అడవులూ పార్కులూ ఉన్న ప్రతిచోటా ఇప్పుడు నడుస్తున్న పంచాయితీ ఇదే. దీనికి మొదటి కేంద్రం మరిన్ కౌంటీ.

గ్రీజు పొగైపోయిన రేసు

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళ్తే వచ్చేదే మరిన్ కౌంటీ. దాని మధ్యలో మౌంట్ టామల్పాయిస్ అనే కొండ. ఎత్తు 2,571 అడుగులు. అక్కడివాళ్లు ముద్దుగా ‘టామ్’ అంటారు.

1970లలో ఆ చుట్టుపక్కల కుర్రాళ్లు కొందరు పాత సామాన్ల కొట్లలో దొరికే లావు టైర్ల ష్విన్ సైకిళ్లు కొని, వాటిని టామ్ మీదికి తీసుకెళ్లి కిందికి వదిలేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన ఆ సైకిళ్లకి వాళ్లు పెట్టుకున్న పేరు ‘క్లంకర్లు’. అంటే మన భాషలో డొక్కు బళ్లన్నమాట.

ఎవరు ముందు దిగుతారో తేల్చుకోవడానికి 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫ్యాక్స్ ఊరి దగ్గర ఒక మట్టిరోడ్డు మీద రేసు పెట్టుకున్నారు. దూరం రెండు మైళ్లు, దిగుడు సుమారు 1,300 అడుగులు. పెడల్‌ని వెనక్కి తొక్కితే పడే పాతకాలం బ్రేకులు అవి. కిందికొచ్చేసరికి వెనక చక్రం హబ్ కాలిపోయి, లోపలి గ్రీజంతా పొగైపోయేది. మళ్లీ విప్పి, గ్రీజు దట్టించాలి. ఆ పనికి ఇంగ్లిష్‌లో ఉన్న మాటే రేసుకి పేరైపోయింది. రీప్యాక్!

అక్కడి నుంచి అంతా చకచకా జరిగిపోయింది. రీప్యాక్ రేసర్ జో బ్రీజ్ 1977లో ఈ పని కోసమే కొత్త ఫ్రేమ్ తయారుచేశాడు. 4 నిమిషాల 22 సెకన్లలో కిందికి దిగి రికార్డు కొట్టిన గ్యారీ ఫిషర్, రేసుల్ని నడిపిన చార్లీ కెల్లీ కలిసి 1979లో ‘మౌంటెన్‌బైక్స్’ అనే కంపెనీ పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘స్టంప్‌జంపర్’ని ఫ్యాక్టరీలో పెద్దసంఖ్యలో తయారుచేయించి మార్కెట్లోకి వదిలింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెయిన్ బైకింగ్‌కి పతకాలు ఇచ్చారు. డొక్కు సైకిళ్ల నుంచి ఒలింపిక్ పతకం దాకా సరిగ్గా ఇరవై ఏళ్లు.

కొండ ఒకటే, యజమానులు నలుగురు

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. టామ్ కొండ ఎవరూ పట్టించుకోని బంజరు కాదు. సైకిళ్లు రాకముందు నుంచే అక్కడ నడిచేవాళ్ల సంప్రదాయం పాతుకుపోయి ఉంది. కొండ మీదుగా సముద్రం దాకా సాగే ‘డిప్సీ’ పరుగు పందెం 1905లో మొదలైంది. కొండని కాపాడుకోవడానికి నడక ప్రియులు 1912లోనే సంఘం పెట్టుకున్నారు. తాతల కాలం నుంచీ నిశ్శబ్దంగా నడుస్తున్న బాటలోకి హఠాత్తుగా, వెనక నుంచి, చప్పుడు లేకుండా సైకిల్ దూసుకొస్తే ఎలా ఉంటుంది?

పైగా కొండ మొత్తం ఒకరి చేతిలో లేదు. కొంత నీటి సరఫరా బోర్డుది, కొంత స్టేట్ పార్కు, కొంత కౌంటీ పార్కుల శాఖది, ఇంకొంత కేంద్ర ప్రభుత్వ నేషనల్ పార్క్ సర్వీసుది. ఒక రైడ్‌లో రెండుమూడు హద్దులు దాటేస్తారు. హద్దు మారితే రూలూ మారుతుంది.

వీళ్లలో నీటి బోర్డుది ప్రత్యేకమైన చిక్కు. టామ్ వాలుల మీద పడ్డ వానే కింద చెరువుల్లోకి చేరి, ఆ కౌంటీ ఇళ్లలో కొళాయి నీళ్లవుతుంది. బాట కోసుకుపోతే ఆ మట్టి చేరేదీ ఆ వాగుల్లోకే. పక్కనే ఉన్న లాగునిటాస్ వాగులో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెడతాయి. సన్నటి ఒండ్రు కప్పేస్తే ఆ గుడ్లకి ఊపిరాడదు.

అందుకే 1980లలో నీటి బోర్డు గట్టిగా గీత గీసింది. అగ్నిమాపక వాహనాలు పట్టే వెడల్పాటి మట్టిరోడ్ల మీద సైకిల్ తొక్కుకోవచ్చు. ఒక్క మనిషి పట్టే సన్నబాటల్లోకి రాకూడదు. రోడ్ల మీద కూడా స్పీడు గంటకి 15 మైళ్లు మించకూడదు, మలుపుల్లో 5 మైళ్లే. పొదల చాటు నుంచి రాడార్ గన్‌తో సైకిళ్ల వేగం కొలిచి రేంజర్లు టికెట్లు రాసిన చోటు అది. అమెరికా అటవీ శాఖ కూడా 1984లో ‘వైల్డర్‌నెస్’గా ప్రకటించిన అడవుల్లో సైకిళ్లు నిషేధమని స్పష్టంగా రాసేసింది.

ఇది చూసి కాలిఫోర్నియాలోని ఐదు సైకిల్ క్లబ్బులు 1988లో ఒక్కటయ్యాయి. అలా పుట్టిందే ‘ఇంబా’ అనే అంతర్జాతీయ మౌంటెయిన్ బైకింగ్ సంఘం. ‘తలుపు మూసేస్తే ఎలా? బాధ్యతగా తొక్కడం మేమే నేర్పిస్తాం’ అన్నది వాళ్ల వాదన.

తప్పు చక్రానిదేనా?

సైకిళ్ల మీద ఉన్న ఫిర్యాదులు ప్రధానంగా మూడు. మట్టి పాడవుతుంది, జంతువులు బెదురుతాయి, మనుషులు భయపడతారు. ఒక్కోటీ చూద్దాం.

మట్టి సంగతి అనుకున్నంత సూటిగా లేదు. మోంటానాలోని కొండ బాటల మీద చేసిన ఒక అధ్యయనం 1994లో వెలువడింది. సైకిల్ చక్రాల కంటే గుర్రం డెక్కలూ, మనుషుల అడుగులే ఎక్కువ మట్టిని వదులు చేస్తున్నాయని అందులో తేలింది. అయితే తడి మట్టిలో తొక్కినా, బ్రేకు గట్టిగా పట్టి వెనక చక్రాన్ని ఈడ్చినా లెక్క మారిపోతుంది. చక్రం గీసిన గాడిలో వాననీరు పారుతుంది. ఆ గాడి కాలవై, కాలవ కాస్తా గండి అవుతుంది.

అసలు బాటకి పెద్ద శత్రువు నీరు. అందుకే బాటలు వేసేవాళ్లు ‘సగం సూత్రం’ పాటిస్తారు. కొండ వాలు ఎంత ఉందో, బాట ఏటవాలు అందులో సగం దాటకూడదు. దాటితే నీరు బాటని అడ్డంగా దాటిపోకుండా, బాట వెంబడే పరిగెడుతుంది. సగటున పది శాతం లోపు వాలు ఉండాలి. బాట బయటి అంచు కాస్త కిందికి ఒరిగి ఉండాలి. నీరు బయటికి జారిపోయేలా మధ్యమధ్యలో చిన్న ఎత్తుపల్లాలు పెట్టాలి. చూడ్డానికి మామూలు కాలిబాటలా ఉంటుంది గానీ, దాని వెనక ఇంత ఇంజినీరింగ్ ఉంది.

జంతువుల విషయంలో సమస్య వేగం, నిశ్శబ్దం. మాట్లాడుకుంటూ నడిచే మనిషి వస్తున్నట్టు జంతువుకి ముందే తెలుస్తుంది. వాలులో దిగే సైకిల్ అలా కాదు. 2016లో గ్లేసియర్ నేషనల్ పార్క్ దగ్గర ఒక అటవీ శాఖ అధికారి సైకిల్ మీద మలుపు తిరుగుతూ గ్రిజ్లీ ఎలుగుబంటిని ఢీకొట్టారు. అది దాడి చేసింది, ఆయన ప్రాణాలు పోయాయి. అడవి గురించి బాగా తెలిసిన మనిషికే అలా జరిగింది.

ఇక మూడోది మనుషుల భయం. దీన్ని చిన్నచూపు చూడలేం. వినికిడి తగ్గిన డెబ్భై ఏళ్ల మనిషికి ‘ఢీకొట్టలేదు కదా అంకుల్’ అనే సమాధానం పనికిరాదు. ఒక్కసారి పక్కనుంచి రయ్యిమని పోతే, ఆయన మళ్లీ ఆ బాటకి రావడం మానేస్తాడు. ఏ బోర్డూ పెట్టకుండానే ఒకరిని పార్కు నుంచి బయటికి పంపేసినట్టే.

పారలు పట్టిన పిల్లలు

నిషేధిస్తే ఏమవుతుంది? బోర్డు పెట్టినంత మాత్రాన పదహారేళ్ల కుర్రాడి కాళ్లు ఆగవు. తండ్రి గ్యారేజీలోంచి పార తెచ్చుకుని, చెట్ల మధ్య తనే ఒక జంప్ కట్టుకుంటాడు. 2020లో కోవిడ్‌తో బడులు మూతపడ్డప్పుడు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా ఊళ్లలో చాలా పార్కుల్లో ఇదే తంతు. పిల్లలు రాత్రికి రాత్రి మట్టి దిబ్బలు కట్టడం, సిబ్బంది వచ్చి యంత్రాలతో చదును చేయడం, వారం తిరక్కుండా కొత్త దిబ్బలు లేవడం.

పార్కు సిబ్బంది కోపానికీ కారణం ఉంది. వేళ్లు తెగిన చెట్టు ఆరు నెలల తర్వాత ఎండిపోతుంది. జంప్ మీద నుంచి పడి ఎవరికైనా మెడ విరిగితే కోర్టు మెట్లెక్కాల్సింది స్థలం యజమానే. కానీ పిల్లల వైపు నుంచి కూడా ఒక ప్రశ్న ఉంది. ఊరి పార్కులో టెన్నిస్ కోర్టుకి చోటుంది, కుక్కలకి చోటుంది, గోల్ఫ్‌కి ఎకరాలకి ఎకరాలున్నాయి. మరి మాకు?

ఈ పంతం రెండు వైపులా పెరిగితే ఏమవుతుందో కెనడాలోని నార్త్ వాంకూవర్ చూసింది. అక్కడి కొండ బాటల్లో రోజూ ఎవరో దుంగలూ, రాళ్లూ అడ్డం పెడుతున్నారు. వేగంగా దిగేవాళ్లకి అవి ప్రాణాంతకం. రైడర్లు చెట్లకి రహస్య కెమెరాలు పెట్టారు. దొరికింది ఏ ఆకతాయో కాదు, అరవై దాటిన ఒక మహిళ! 2015లో పోలీసులు అరెస్టు చేశారు. ఆమె కోర్టులో నేరం ఒప్పుకున్నారు. అడవిని ప్రేమించే ఇద్దరు ఒకరికొకరు శత్రువులైపోవడం అంటే ఇదే.

జేబులోని ఫోన్ ఈ గొడవకి కొత్త మలుపు తెచ్చింది. స్ట్రావా లాంటి యాప్‌లో ఒక వాలుకి ‘సెగ్మెంట్’ పెడితే, దాని మీద ఎవరు ఎంత వేగంగా దిగారో లీడర్‌బోర్డు వస్తుంది. మొదటి స్థానం కోసం జనం నడిచే బాట రేస్ ట్రాక్ అయిపోతుంది. రహస్య బాట కూడా యాప్ మ్యాప్‌లో గీతై వెలిగిపోతుంది. మరోవైపు అదే డేటా పార్కులకీ పనికొస్తోంది. ఏ బాటలో ఎంతమంది, ఏ వేళకి తిరుగుతున్నారో తెలిపే ‘స్ట్రావా మెట్రో’ సమాచారాన్ని ఆ కంపెనీ 2020 నుంచి ప్రభుత్వ సంస్థలకి ఉచితంగా ఇస్తోంది. ప్రమాదకరమైన సెగ్మెంట్‌ని ‘హజార్డ్’గా ఫ్లాగ్ చేసే వీలు రైడర్లకీ ఉంది.

లెక్కల మాస్టారి జట్టు

ఈ చిక్కుముడి విప్పే దారి ఒకటి బడిలోంచి వచ్చింది. మరిన్‌కి అఖాతం అవతల ఉన్న బర్కిలీ హైస్కూల్లో లెక్కలు చెప్పే మాట్ ఫ్రిట్జింగర్ 1998లో పిల్లలతో సైకిల్ జట్టు మొదలుపెట్టారు. పక్క బడులూ కలిశాయి. 2001కి అది ఉత్తర కాలిఫోర్నియా హైస్కూల్ లీగ్ అయింది. 2009లో ‘నైకా’ పేరుతో జాతీయ సంస్థ ఏర్పడి మిగతా రాష్ట్రాలకీ పాకింది.

ఈ లీగ్‌లో ఒక మంచి పద్ధతుంది. జట్టులో ‘బెంచీ’ ఉండదు. రేసు రోజున వేగంగా తొక్కేవాళ్లూ, ఆయాసపడుతూ తొక్కేవాళ్లూ అందరూ బరిలోకి దిగుతారు. ఇంకోటి, ‘టీన్ ట్రెయిల్ కోర్’ కార్యక్రమం. బాటలు బాగుచేసే శ్రమదానంలో పాల్గొనడం, నలుగురూ వాడే బాటలో ఎలా మెలగాలో నేర్చుకోవడం, బాటల గురించి నిర్ణయాలు తీసుకునే చోట తమ మాట వినిపించడం ఇందులో భాగం.

దీని వెనకున్న మర్మం చిన్నదే. ఒక ఆదివారం పొద్దుటంతా పార పట్టి, నీరు పోయే కాలవ తవ్విన పిల్ల, సోమవారం తడి బాటలో బ్రేకులీడ్చి దాన్ని పాడుచేయదు. పక్కవాడు పాడుచేస్తుంటే ఊరుకోదు కూడా. అలాంటి పిల్లల్ని తయారుచేసుకోవడం పది మంది రేంజర్లని పెట్టుకోవడం కంటే చవక.

ఇలాంటి లీగ్‌లోనే ఆడుతూ పాడుతూ ఎదిగిన అమ్మాయి కేట్ కోర్ట్నీ. టామ్ కొండ కిందే పెరిగింది. చిన్నప్పుడు నాన్నతో ఇద్దరు తొక్కే సైకిల్ మీద ఆ కొండెక్కేది. 2018లో క్రాస్ కంట్రీ మౌంటెయిన్ బైకింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. అమెరికా అమ్మాయి ఒకరు ఆ టైటిల్ గెలవడం 17 ఏళ్ల తర్వాత అదే మొదలు.

సరి తేదీ సైకిల్‌కి, బేసి తేదీ కుక్కకి

కలిసి బతకడానికి రకరకాల ఊళ్లు రకరకాల ఉపాయాలు కనిపెట్టాయి.

రోజులు పంచుకోవడం ఒకటి. యూటాలోని మిల్‌క్రీక్ కాన్యన్ ఎగువ బాటల్లో సైకిళ్లకి సరి తేదీలే. బేసి తేదీల్లో కుక్కల్ని గొలుసు లేకుండా వదలొచ్చు. నడిచేవాళ్లు క్యాలెండర్ చూసుకుని తమకి నచ్చిన రోజు వస్తారు. టాహో సరస్సు చుట్టూ ఉన్న బాటలో కూడా ఒక భాగానికి ఇలాంటి సరి తేదీల పద్ధతే ఉంది.

చోటు పంచుకోవడం రెండోది. మరిన్‌లోనే స్టాఫర్డ్ లేక్ దగ్గర 2015లో కౌంటీ 17 ఎకరాల బైక్ పార్కు తెరిచింది. చిన్నపిల్లల దిబ్బల నుంచి పెద్ద జంపుల దాకా అన్నీ అక్కడే. ఫెయిర్‌ఫ్యాక్స్ పక్కన స్కౌట్స్‌కి చెందిన టామరాంచో క్యాంపులో పాస్ కొనుక్కుంటే సన్నబాటల్లో తొక్కుకోవచ్చు. ఆ డబ్బుతో బాటల నిర్వహణ జరుగుతుంది.

ఊరే సైకిల్ మీద నిలబడటం మూడోది. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో డెర్బీ అనే ఊరు తగరం గనులు మూతపడి వెలవెలబోయింది. 2015లో చుట్టూ అడవిలో ‘బ్లూ డెర్బీ’ బాటలు తెరిచారు. రెండేళ్లకే అంతర్జాతీయ రేసు వచ్చింది. ఖాళీ ఇళ్లు అతిథి గృహాలయ్యాయి.

స్కాట్లాండ్ అయితే ఇంకా ముందుకెళ్లింది. 2003 నాటి చట్టం ప్రకారం అక్కడ చాలా భూముల్లో నడవడానికే కాదు, సైకిల్ తొక్కడానికీ జనానికి హక్కుంది. షరతు ఒక్కటే, బాధ్యతగా ఉండాలి.

మరి పుట్టిల్లు? టామ్ మీద నీటి బోర్డు 2024లో మెత్తబడింది. కొన్ని బాటల్లో ప్రయోగాత్మకంగా సైకిళ్లని రానిద్దామంది. వెంటనే పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్లాయి. నలభై ఏళ్ల పంచాయితీ ఒక్క తీర్మానంతో తెగదు మరి.

మన కొండల సంగతి?

ఇదంతా అమెరికా గోల అనుకోనక్కర్లేదు. గేర్ల సైకిల్ మన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌ల్లోకి వచ్చి చాలా కాలమైంది. 2023 అక్టోబర్‌లో ఆసియా మౌంటెయిన్ బైక్ ఛాంపియన్‌షిప్ కేరళలోని పొన్ముడి కొండల్లో జరిగింది. అదే నెలలో హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మొదలైంది. అది రోడ్డు సైకిల్ వాళ్లకి వరం. మట్టి కావాలనుకునేవాళ్లు మాత్రం ఖాజాగూడ రాళ్ల వైపో, అనంతగిరి వైపో చూస్తారు.

చూసే ముందు తెలుసుకోవాల్సింది, ఆ నేల ఎవరిదని. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న కేబీఆర్ పార్కు పేరుకి పార్కే గానీ, 1998 నుంచి చట్టప్రకారం నేషనల్ పార్కు. విశాఖ పక్కన కంబాలకొండ చిరుతలు తిరిగే అభయారణ్యం. ఇలాంటి చోట్ల 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అనుమతి లేకుండా లోపలికెళ్తే అది అడ్వెంచర్ అనిపించుకోదు, నేరమవుతుంది. రిజర్వు ఫారెస్టుల్లోనూ అటవీ శాఖ మాటే చెల్లుతుంది.

అడిగి తెచ్చుకునే దారి మాత్రం తెరిచే ఉంది. ఒక్కడు వెళ్లి ‘సైకిల్ తొక్కుకోనివ్వండి సార్’ అంటే ఎవరూ వినరు. ఒక క్లబ్బుగా ఏర్పడి, ‘ఈ రెండు కిలోమీటర్లూ మేం చూసుకుంటాం, నెలకో ఆదివారం ప్లాస్టిక్ ఏరతాం, వానల్లో బాట మూసేస్తాం’ అని కాగితం మీద రాసిస్తే, అధికారి కనీసం కూర్చోమంటాడు. మరిన్ నుంచి మనం నేర్చుకోవాల్సిన పాఠం అదే. అక్కడ తొక్కడం ముందొచ్చి, మాట్లాడుకోవడం తర్వాత వచ్చింది. ఆ తేడాకి నలభై ఏళ్లు ఖర్చయ్యాయి.

పచ్చటి నేల కోసం నిలబడటం మన కుర్రాళ్లకి కొత్తేం కాదు. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి యంత్రాలొస్తే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు రోడ్డెక్కారు. ఫోన్లలో తీసిన వీడియోలు దేశమంతా తిరిగాయి. సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని చెట్ల నరికివేత ఆపించింది. నేల మిగిలితేనే కదా, దాని మీద నడవాలా, తొక్కాలా అనే వాదన!

బాట మీద మర్యాద

• నడిచేవాళ్లకీ, గుర్రాలకీ సైకిలే దారివ్వాలి. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి దారివ్వాలి.

• మరిన్‌లో ఒక ప్రచారం ఉంది, ‘స్లో అండ్ సే హలో’ అని. వేగం తగ్గించు, పలకరించు. ఒక చిన్న గంట బిగించుకుంటే ఇంకా మేలు.

• టైరు అచ్చు మట్టిలో లోతుగా దిగుతోందంటే ఆ రోజుకి బాట తడిగా ఉన్నట్టే. వెనక్కి తిరగండి.

• నీటి గుంట ఎదురైతే పక్కనుంచి పోవద్దు, మధ్యలోంచే పోండి. పక్కనుంచి పోయిన కొద్దీ బాట వెడల్పై గడ్డి చస్తుంది.

• మలుపు దగ్గర అడ్డదారి తొక్కొద్దు. రేపటి వానకి అదే కాలవవుతుంది.

• కనిపించే దూరంలో ఆగగలిగినంత వేగమే సరైన వేగం.

• జనం తిరిగే బాటకి యాప్‌లో రేసు పెట్టొద్దు. ఎవరూ ఎరగని బాటని రీల్‌లో లొకేషన్‌తో సహా పెట్టేముందు ఒక్కసారి ఆలోచించండి. వచ్చే ఆదివారం అక్కడికి వెయ్యి టైర్లొస్తే, ఆ బాట మీకూ మిగలదు.